గ్లో ప్లగ్ చెప్పే సాక్ష్యం

వారమంతా యంత్రాల నడుమ గడిపే మనబోటివారికి ఆదివారం నాడైనా ఏదో ఒక ఇంజన్ రొద చెవిన పడనిదే తోచదని ఇంట్లోవారు పరిహాసం చేయడం పరిపాటి. గడచిన చలికాలంలో ఒక ఆదివారం ఉదయం మా క్వార్టర్ల వెనుక మైదానం నుండి కందిరీగల గుంపు ముసిరినట్లు ఒక ధ్వని వినవచ్చింది. కొద్ది క్షణాలలో ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగిపోయింది. ఆరంభించిన ప్రతి యంత్రమూ అంత తొందరగా ఆగుతూంటే మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసినవాడెవడూ ఇంట్లో కూర్చోలేడు. కాఫీ గ్లాసు దించి మేము మైదానానికి నడిచాము.

అక్కడ మా విభాగపు మిత్రులొకరు, ఇంటర్మీడియట్ చదువుతున్న వారి అబ్బాయి ఒక బొమ్మ ట్రక్కు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. అమెరికాలో ఉంటున్న మేనమామ తెచ్చి ఇచ్చిన రేడియో కంట్రోల్ ట్రక్కు అది. బొమ్మ అన్నమాటే గాని, నిజమైన ఇంధనంతో నడిచే నిజమైన ఇంజన్ దానికి ఉంది. రెండు వారాలలో అయిదు గ్లో ప్లగ్గులు మాడిపోయాయట. ఒక్కొక్క ప్లగ్గూ నగరంలోని హాబీ దుకాణం నుండి తెప్పించుకోవలసిందే. "ఇక దీన్ని అటకెక్కించడమేనండీ, నా వల్ల కాదు" అన్నారు మిత్రులు. అబ్బాయి మాత్రం మాడిపోయిన ప్లగ్గులను పారవేయకుండా అగ్గిపెట్టెలో దాచి ఉంచాడు. ఆ ఒక్క పనే ఆ ఇంజన్‌ను కాపాడిందంటే అతిశయోక్తి కాదు. ఆ వృత్తాంతాన్ని, దాని వెనుకనున్న శాస్త్రాన్ని పాఠక మిత్రులకు నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పిట్ట కొంచెం, కూత ఘనం

నైట్రో ఇంజన్‌గా పిలువబడే ఈ ఇంజన్ ఒకే సిలిండర్ గల టూ స్ట్రోక్ ఇంజన్. ట్రక్కులలో వాడే వాటి పరిమాణం సాధారణంగా 2.5 నుండి 4.5 ఘనపు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. మన స్కూటరు ఇంజన్‌లో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఈ బుల్లి యంత్రం నిమిషానికి 30,000 చుట్లకు పైగా తిరగగలదు.

దీని ఆహారం పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనె అనే మూడింటి మిశ్రమం. ట్రక్కుల ఇంధనంలో నైట్రోమీథేన్ తరచు 20 నుండి 30 శాతం వరకు ఉంటుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి అవసరం కాగా, మిథనాల్‌కు 6.5 పాళ్ళు, నైట్రోమీథేన్‌కు కేవలం 1.7 పాళ్ళు చాలును. అందుచేత సిలిండర్‌లోకి వచ్చే అదే గాలితో ఎక్కువ ఇంధనాన్ని మండించి, ఎక్కువ శక్తిని రాబట్టవచ్చు. ఇక కందెన నూనె విషయానికి వస్తే, ఇందులో కృత్రిమ నూనెతో బాటు మన ఆముదం కూడా కలుపుతారు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్ట చేలలో పండే ఆ ఆముదమే మిథనాల్‌లో చక్కగా కరిగి, అధిక ఉష్ణోగ్రత వద్ద కూడా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మన అమ్మమ్మల కాలం నాటి దీపపు నూనె ఈనాటి బొమ్మ ఇంజన్‌కు రక్షాకవచం కావడం ముచ్చటైన విషయమే కదా!

నిప్పురవ్వ లేని ఇంజన్

పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ప్రతి ఆవర్తనంలో నిప్పురవ్వను పుట్టిస్తుంది. నైట్రో ఇంజన్‌లో అటువంటి ఏర్పాటేదీ లేదు. మాగ్నెటో లేదు, కాయిల్ లేదు, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీ కూడా లేదు. ఉన్నదల్లా గ్లో ప్లగ్ అనే చిన్న మరమేకు, దాని నోటిలో వెంట్రుకవంటి ప్లాటినం మిశ్రమలోహపు తీగచుట్ట మాత్రమే.

ప్లాటినానికి ఒక విశేష గుణం ఉంది. వేడెక్కిన ప్లాటినం తీగను మండే వాయువు, గాలి కలిసిన మిశ్రమంలో ఉంచితే మంట లేకుండానే ఆ తీగ ఎర్రగా కాలుతూ ఉంటుందని సర్ హంఫ్రీ డేవీ 1817లో కనుగొన్నాడు. తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగపరచే ఈ గుణాన్నే ఉత్ప్రేరకత్వం అంటారని పదవ తరగతి పిల్లలకు తెలియంది కాదు. అమెరికాకు చెందిన రే ఆర్డెన్ 1947లో ఈ సూత్రంతో పనిచేసే గ్లో ప్లగ్గును చిన్న ఇంజన్లకు అందుబాటులోకి తెచ్చాడు. తద్వారా నమూనా విమానాలు మోయవలసిన బ్యాటరీ, కాయిల్ బరువు తప్పిపోయింది.

ఇంజన్‌ను ప్రారంభించేటప్పుడు మాత్రం ఇగ్నైటర్ అనే చిన్న సాధనం ద్వారా 1.2 నుండి 1.5 వోల్టుల విద్యుత్తును అందించి తీగను ఎర్రబరుస్తాము. ఇంజన్ అందుకున్న తరువాత ఇగ్నైటర్‌ను తీసివేస్తాము. ఆపైన సంపీడనం వల్ల పుట్టే వేడి, దహనపు వేడి, ప్లాటినంపై మిథనాల్ జరిపే రసాయన చర్య ఈ మూడూ కలిసి తీగను ఆరిపోనీయకుండా చూస్తాయి. డీజిల్ ఇంజన్లలోనూ గ్లో ప్లగ్ అనే పేరు వింటాము గాని, అది చల్లని ఇంజన్‌ను వేడెక్కించడానికి ఉద్దేశించినదే. దీని సంగతి వేరు.

ఇక్కడొక ముఖ్య విషయం గ్రహించాలి. ఇంధనం ఏ క్షణంలో అంటుకోవాలో నిర్ణయించే సాధనం ఈ ఇంజన్‌లో ప్రత్యేకంగా లేదు. తీగ వేడి, సంపీడనం, నైట్రో శాతం, గాలికి ఇంధనానికి గల నిష్పత్తి ఈ నాలుగూ కలిసి ఆ క్షణాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఏ ఒక్కటి అదుపు తప్పినా దెబ్బ మొట్టమొదట తగిలేది ఆ వెంట్రుకవంటి తీగకే. ఇంజన్‌లో ఎక్కడ లోపమున్నా ప్లగ్గే పోవడానికి కారణం ఇదే.

తెల్ల కాగితంపై అయిదుగురు సాక్షులు

అగ్గిపెట్టెలోని అయిదు ప్లగ్గులను ఒక తెల్ల కాగితంపై అవి పోయిన క్రమంలో పేర్చమని అబ్బాయితో అన్నాము. భూతద్దం చేతికి తీసుకున్నాము.

మొదటి ప్లగ్గు తీగ చెక్కుచెదరలేదు. తడిగా, మెరుస్తూ ఉంది. పట్టకారుతో పట్టుకుని, కొత్తగా ఛార్జి చేసిన సెల్‌తో కలిపి చూశాము. చుట్ట మొత్తం నారింజ రంగులో వెలిగింది. అంటే ఆ ప్లగ్గు చావనే లేదు! ఇగ్నైటర్ లోని సెల్ ఛార్జి తగ్గి ఉంది. ఎర్రటి మసక వెలుగు మాత్రమే ఇస్తోంది. కనుక ఇంజన్ అందుకోనప్పుడు ప్రప్రథమంగా చేయవలసిన పని ప్లగ్గును బయటికి తీసి వెలిగించి చూడడం. చుట్ట అంతా ప్రకాశవంతంగా వెలిగితే ప్లగ్గు మంచిది. సగమే వెలిగినా, మసకగా వెలిగినా తెలిసిన మంచి ప్లగ్గుతో పోల్చి చూడాలి. రెండూ మసకగానే ఉంటే లోపం బ్యాటరీలోనో, ఇగ్నైటర్ కొనలోని వదులైన సంబంధంలోనో ఉన్నట్లు.

రెండవ ప్లగ్గు తీగ మధ్యలో కరిగి తెగిపోయింది. చివరలు చిన్న గుండ్లుగా మారాయి. అబ్బాయి తలవంచుకుని, "బ్యాటరీ చాలడం లేదేమోనని రెండు సెల్లులు వరుసగా కలిపానంకుల్" అన్నాడు. వోల్టేజి రెట్టింపయింది. తీగ క్షణంలో మాడింది. రోగమొకటి, మందొకటి అంటే ఇదే.

మూడవది వేరొక కథ చెప్పింది. తీగ మెరుపు పోయి పాలిపోయిన బూడిద రంగుకు తిరిగింది, చుట్టలు మెలితిరిగాయి. మిశ్రమంలో ఇంధనం తక్కువై, గాలి ఎక్కువైనప్పుడు, అంటే మన భాషలో 'లీన్' అయినప్పుడు, కనిపించే లక్షణమిది. పొగ ఎక్కువగా వస్తోందని, వేగం చాలడం లేదని కార్బ్యురేటర్ సూదిని ఒకేసారి అరచుట్టు బిగించాడట. ఇంధనం తగ్గితే ఇంజన్ కొంతసేపు గంతులు వేస్తుంది. కాని ఇంధనంతో బాటు చల్లదనాన్ని, కందెన నూనెను కూడా తగ్గించుకున్నామని మరువరాదు.

నాల్గవ, అయిదవ ప్లగ్గులు చూసేసరికి మాకు నవ్వు పోయింది. రెండింటి తీగలూ సుత్తితో కొట్టినట్లు లోపలికి నలిగి ఉన్నాయి. అంచున సన్నని లోహపు రేణువులు అంటుకుని ఉన్నాయి. ఇది బ్యాటరీ పని కాదు, సూది పని కూడా కాదు. సిలిండర్‌లో ఏదో గట్టి పదార్థం ఎగిరిపడుతోంది.

అసలు దోషి

ప్లగ్గు తీసివేసి ఫ్లైవీల్‌ను చేతితో తిప్పి చూశాము. మృదువుగా తిరగవలసినది ఇసుకలో తిరిగినట్లు గరగరలాడింది. సిలిండర్ తల విప్పి చూస్తే పిస్టన్ తలపై సూదితో పొడిచినట్లు చిన్న గుంటలు. వెనుక మూత తీయగానే క్రాంక్‌షాఫ్ట్ వెనుక బేరింగు తుప్పు పట్టి, గుళ్ళను పట్టి ఉంచే పంజరం పొరలు పొరలుగా రాలుతూ కనిపించింది.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి, ఇంధనం ముందుగా క్రాంక్‌కేస్‌లోకి వచ్చి, అక్కడి నుండే సిలిండర్‌లోకి పోతాయి. బేరింగు నుండి రాలిన ప్రతి రేణువూ అదే దారిన పైకి పోయి, పిస్టన్‌కు, తలకు మధ్య నలిగి, తీగను చితకగొడుతుంది. ఈ స్థితిలో పది ప్లగ్గులు మార్చినా పదీ పోతాయి. మరికొంత కాలం నడిపి ఉంటే సిలిండర్, పిస్టన్ కూడా పనికిరాకుండా పోయేవి.

బేరింగు ఎందుకు తుప్పు పట్టింది? ఆరా తీయగా, వానాకాలంలో చివరిసారి నడిపి, ట్యాంకులో ఇంధనం అలాగే ఉంచి అట్టపెట్టెలో పెట్టేశారని తేలింది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నైట్రోమీథేన్ దహనానంతరం మిగిలే ఆమ్ల శేషం ఆ తేమతో కలిసి ఉక్కును తినివేస్తుంది. నాలుగు నెలల నిర్లక్ష్యం నలుసంత బేరింగును కబళించింది. ఆ బేరింగు రెండు ప్లగ్గులను బలిగొంది.

కొత్త బేరింగు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా విడి భాగాలను కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టాము. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండు రెట్లు వ్యాకోచిస్తుంది. వంటకు వాడని ఒక పాత ఓవెన్‌లో క్రాంక్‌కేస్‌ను మాత్రమే సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, చేతి తొడుగులతో పట్టుకుని చెక్కపై తట్టగానే పాత బేరింగు దానంతటదే జారిపడింది. ఫ్రీజర్‌లో చల్లబరచిన కొత్త బేరింగు అదే వేడిలో సుత్తి దెబ్బ లేకుండా కూర్చుంది. మన కర్మాగారంలో పెద్ద బేరింగులకు వాడే పద్ధతే ఇది. తన తండ్రి రోజూ చేసే పని ఏమిటో అబ్బాయి ఆనాడు మొదటిసారి దగ్గరుండి చూశాడు.

మిశ్రమాన్ని సరిచేయు విధానం

ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నా, మిశ్రమం సరిగా లేకపోతే ప్లగ్గుకు ఆయుష్షు ఉండదు. కనుక ఈ క్రింది విషయాలు గమనించడం ఎంతైనా అవసరం.

ముందుగా ఇంజన్ వేడెక్కిన తరువాతనే సూదులను తాకాలి. అధిక వేగానికి చెందిన సూదిని మొదట, తక్కువ వేగానికి చెందిన దానిని తరువాత సవరించాలి. కుడివైపు తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఒకసారికి చుట్టులో ఎనిమిదవ వంతుకు మించరాదు. ట్రక్కు పూర్తి వేగంతో పోతున్నప్పుడు వెనుక నీలి పొగ సన్నని చారగా కనిపించాలి. పొగ లేదంటే నూనె అందడం లేదన్నమాటే.

ప్లగ్గు మొదట వద్ద ఉష్ణోగ్రత సాధారణంగా 100 నుండి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది. ఉష్ణమాపకం లేనివారు సిలిండర్ తలపై ఒక నీటిచుక్క వేసి చూడవచ్చు. మూడు నాలుగు సెకన్లలో సుయ్యిమంటూ ఆవిరైతే సరి. పడీపడగానే మాయమైతే ఇంజన్ మితిమీరి వేడెక్కినట్లు.

ఇగ్నైటర్ తీయగానే ఇంజన్ ఆగిపోతూ ఉంటే, ప్లగ్గు బలహీనపడి ఉండవచ్చు. లేదా తక్కువ వేగంలో ఇంధనం ఎక్కువై, అనగా 'రిచ్' అయి, తీగను చల్లార్చుతూ ఉండవచ్చు. ఇంజన్ నిలకడగా తిరుగుతుండగా కార్బ్యురేటర్‌కు పోయే గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడాలి. మూడు నాలుగు సెకన్లలో వేగం కొద్దిగా పెరిగి ఆగిపోతే సరియైన మిశ్రమం. వెంటనే ఆగితే ఇంధనం తక్కువ. చాలాసేపు తిరిగితే ఎక్కువ.

సూదులు ఎంత సవరించినా వేగం తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఎక్కడో గాలి దొంగచాటుగా చొరబడుతోందని అనుమానించాలి. కార్బ్యురేటర్ మొదలు, వెనుక మూత, ఇంధన గొట్టాలు, సైలెన్సర్ నుండి ట్యాంకుకు పోయే పీడనపు గొట్టం వరుసగా పరీక్షించాలి. ఎయిర్ ఫిల్టర్ నురుగును శుభ్రపరచి నూనె పట్టించడం మరువరాదు. మన దుమ్ము నేలల్లో ఇది మరీ ముఖ్యం.

ఇవన్నీ సరిగా ఉన్నా తీగలు నలుగుతూ ఉంటే సంపీడనం మితిమీరిందేమో చూడాలి. తల క్రింద ఉండే పలుచని షిమ్ పొరపాటున వదిలివేసినా, ప్లగ్గు క్రింది రాగి వాషర్ పోయినా, ఇంధనంలో నైట్రో శాతం పెంచినా దహనం ముందుగా జరిగి తీగపై దెబ్బ పడుతుంది. అటువంటప్పుడు తగిన షిమ్ చేర్చాలి, లేదా 'కోల్డ్' రకం ప్లగ్గు వాడాలి. నైట్రో శాతం తక్కువైన చిన్న ఇంజన్లకు 'హాట్' రకం నప్పుతుంది. ప్లగ్గును మొదట చేతి వేళ్ళతోనే తిప్పి ఎక్కించి, చివర మాత్రమే స్పానర్‌తో బిగించాలి. కొత్త ఇంజన్ తొలి ట్యాంకులలో సన్నని లోహపు పొడి రాలడం సహజం కనుక, ఆ దశ ముగియగానే ప్లగ్గు మార్చడం శ్రేయస్కరం.

వంటింటి అలమరలో

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది మరొక ఎత్తు. ఆనాడు మిత్రుల ఇంట కాఫీ త్రాగుతూ, ఇంధనం ఎక్కడ ఉంచారని యథాలాపంగా అడిగాము. డబ్బా కారుతోందని అబ్బాయి దానిని మంచినీళ్ళ సీసాలో పోసి వంటింటి అలమరలో పెట్టాడు. రంగు కలిపిన ఆ ఇంధనం అచ్చంగా గులాబీ షర్బత్తులా ఉంది. రెండు రోజుల క్రితమే ఇంటి ఆడపడుచు దానిని గ్లాసులో పోయబోయి, వాసన తేడాగా ఉందని మూత పెట్టేసిందట! ఆ మాట విన్నాక మిత్రులు చాలాసేపు మాట్లాడలేదు.

మిథనాల్ ఘోరమైన విషం. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఒకటి రెండు చెంచాల పరిమాణం సైతం చూపును శాశ్వతంగా పోగొట్టగలదు. ఇంకా ఎక్కువైతే ప్రాణమే పోతుంది. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా కనబడవచ్చు గనుక, పొరపాటున గుటక వేసినవారు బాగానే ఉన్నట్లు తోచినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏమి త్రాగారో వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. చర్మం ద్వారా కూడా ఇది లోనికి చేరుతుంది. అంతేకాక మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి దాదాపు కనిపించదు. వేడి ఇంజన్ ప్రక్కన ట్యాంకు నింపరాదు.

కావున ఇంధనాన్ని దాని అసలు డబ్బాలోనే, పేరు వ్రాసి, తాళం వేసిన చోట, నిప్పుకు, వంటింటికి, పిల్లలకు దూరంగా ఉంచాలి. విమాన ప్రయాణంలో తీసుకురావడం నిషిద్ధం. అనేక రాష్ట్రాలలో మిథనాల్ నిల్వ, అమ్మకాలపై నియంత్రణలు ఉన్నాయి గనుక, సిద్ధంగా కలిపి అమ్మే ఇంధనాన్నే అధీకృత దుకాణంలో కొనాలి గాని ఇంట్లో కలుపుకోవడానికి పూనుకోరాదు. ఈ బెడదలేవీ వద్దనుకునేవారికి లిథియం బ్యాటరీతో నడిచే ట్రక్కులు నేడు విరివిగా లభిస్తున్నాయి. నైట్రో ఇంజన్ ఇప్పుడు యంత్రంతో మాట్లాడాలనే కుతూహలం ఉన్నవారికే మిగిలిందనవచ్చు.

ముగింపు

ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ వేసేవాడిని మనం మంచి ఎలక్ట్రీషియన్ అనము. గ్లో ప్లగ్గు విషయమూ అంతే. అది చెప్పే సాక్ష్యం వినకుండా దానిని పారవేసి మరొకటి బిగించేవాడు డబ్బును, ఇంజన్‌ను రెంటినీ పోగొట్టుకుంటాడు. పోయిన భాగాన్ని పారవేసే ముందు ఒక్క నిమిషం చేతిలో పట్టుకుని పరిశీలించడం బొమ్మ ట్రక్కుకైనా, మన టర్బైనుకైనా వర్తించే సూత్రమే.

బేరింగు మార్చిన తరువాతి ఆదివారం ఆరవ ప్లగ్గుతో ట్రక్కు మూడు ట్యాంకుల ఇంధనం ఆగకుండా నడిచింది. పని ముగియగానే అబ్బాయి ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనమంతా మండిపోయేవరకు ఇంజన్‌ను నడిపి, లోపల నాలుగు చుక్కల రక్షక నూనె వేసి చేతితో తిప్పాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే ప్లగ్గు విప్పి, భూతద్దంతో చూసి తండ్రికి అందించాడు. తీగ సూటిగా, తడిగా, మెరుస్తూ ఉంది. మిత్రులు దానిని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశారు. పాత అయిదు ప్లగ్గులూ ఇప్పుడొక అట్టముక్కపై వరుసగా అతికించబడి, ఒక్కొక్కదాని క్రింద అది పోయిన కారణం వ్రాయబడి, అబ్బాయి చదువుకునే బల్లపై ఉన్నాయి. ఇంధనపు డబ్బా మాత్రం షెడ్డులోని ఇనుప పెట్టెలో ఉంది. దాని తాళం తండ్రి వద్దనే ఉంటుంది.